31 కాయల ఆటగాడు

మా ఇంట్లో వేలం పాట కొత్తేమీ కాదండీ. మా మావయ్యగారు అంబాజీపేటలో కొబ్బరి వర్తకం చేసేవారు. ఎక్కడైనా గుడి తోటకి ఫలసాయం పాట పెట్టారంటే చాలు, పొద్దున్నే కాఫీ తాగి, తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరిపోయేవారు. పాట దక్కితే ఇంటికొచ్చి మజ్జిగ అడిగేవారు. దక్కకపోతే కూడా మజ్జిగే అడిగేవారు, మొహంలో తేడా ఉండేది కాదు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆ నిబ్బరం చూసి ముచ్చటపడేదాన్ని.

ఇప్పుడు చెప్పబోయేది నేను పాడిన పాట సంగతి. కొబ్బరి తోటకి కాదు. 2025 మార్చి 24, సోమవారం రాత్రి, మా హాల్లో చాప మీద కూర్చుని, పప్పులోకి పోపు పెట్టడం కూడా మర్చిపోయి, నేను పాట పాడి మరీ దక్కించుకున్నది క్రికెటర్ ఇషాన్ కిషన్‌ని! నవ్వకండి. దాని వెనకాల ఒక కథ ఉంది, నవ్వు రాని కథ.

మావాడు బెంగళూరులో ఇంజినీరింగ్ మూడో ఏడు. సంక్రాంతికి ఇంటికొచ్చాడు. కనుమ రోజు అందరం జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాం. కౌశిక దాటించి ప్రభల్ని భుజాల మీద మోసుకొస్తుంటే ఊళ్ళకి ఊళ్ళే అరుస్తాయి కదా, ఆ హోరులో వాడొక్కడే కొబ్బరి చెట్టుకి ఆనుకుని ఫోన్ కూడా చూడకుండా నిలబడ్డాడు. ఫోన్ చూడని పిల్లాణ్ణి చూస్తే ఈ రోజుల్లో తల్లికి భయమేగా! రాత్రి పెరట్లో కదిపితే బయటపడ్డాడు. కిందటేడు ఐపీఎల్ అప్పుడు ఫ్రెండ్స్‌తో కలిసి ఏదో యాప్‌లో క్రికెట్ జట్లు కట్టి డబ్బులు పెట్టడం మొదలెట్టాడట. మన రాష్ట్రంలో 2020 నుంచే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నిషేధం. వాడు చదివే చోట అప్పటికి అడ్డులేదు. మొదటి రోజు 49 రూపాయలు పెడితే 6,500 వచ్చాయట. ఆ తర్వాత పోయింది మొత్తం 38 వేలు. అందులో హాస్టల్ ఫీజు కూడా ఉంది.

మావారికి చెప్పక తప్పలేదు. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. ఫీజు కట్టేశారు. వాడితో మాట్లాడ్డం మానేశారు, అంతే. ఫోన్ వస్తే నాకందించి వరండాలోకి వెళ్ళిపోయేవారు. మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి మౌనాలు చూసే ఉంటారు. తిట్టే మగాడితో వేగొచ్చు గానీ తిట్టని మగాడితో వేగలేం.

మార్చి వచ్చింది, ఐపీఎల్ వస్తోంది. నాకు గుండెల్లో రాయి పడింది. వాడు మళ్ళీ ఆడతాడేమోనని ఒక భయం. ఆడొద్దని గట్టిగా చెబితే దొంగచాటుగా ఆడతాడేమోనని ఇంకో భయం. రాజోలు నుంచి మా తోడికోడలు ఫోన్ చేసినప్పుడు గోడు వెళ్ళబోసుకుంటే, "అక్కా, ఆట మానిపించలేం గానీ డబ్బు మానిపించొచ్చు కదా! మనింట్లోనే ఆడిద్దాం" అంది. ఆ మాట నాకు పట్టుకుంది.

అలా పుట్టింది మా ఇంటి లీగు. ఆరు జట్లు. మా మరిది ఒకటి, తోడికోడలు ఒకటి, కాకినాడలో ఉండే ఆడపడుచు కూతురు ఒకటి, మావాడు బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో ఒకటి, నాదొకటి. ఆరో జట్టు ఎవరికిద్దామా అనుకుంటుంటే, పేపరు చదువుకుంటున్న మావారు పేపరు దించకుండానే "నాకొకటి రాయి" అన్నారు. నేను రాసేశాను, ఆశ్చర్యం బయటికి కనపడనివ్వలేదు.

రూపాయి మాటే లేదు. ఒక్కొక్కరికీ 100 కొబ్బరికాయలు, అంటే నోట్‌బుక్కులో లెక్క కాయలు. వాటితో పాట పాడి 11 మందిని కొనుక్కోవాలి. పరుగుకి ఒక పాయింటు, ఫోరుకి అదనంగా ఒకటి, సిక్సుకి అదనంగా రెండు, యాభైకి 8, వందకి 16, సున్నాకి ఔటైతే మైనస్ 2. వికెట్లకి వేరే లెక్క. ఆఖరున వచ్చినవాళ్ళు వేసవి సెలవుల్లో అందరం కలిసినప్పుడు వారం రోజులు గిన్నెలు తోమాలి. ఈ షరతు ఎవరు పెట్టారో మీకు చెప్పక్కర్లేదనుకుంటా!

అందరికీ తీరిక కుదిరేసరికి ఐపీఎల్ మొదలై రెండ్రోజులైపోయింది. మార్చి 25 నుంచి జరిగే మ్యాచ్‌లే లెక్క అనుకుని, 24 రాత్రి పాట పెట్టుకున్నాం. అదే నా కొంప ముంచింది.

ఎందుకంటే ముందు రోజు ఆదివారం మధ్యాహ్నం, ఉప్పల్‌లో మన సన్‌రైజర్స్ 286 కొట్టింది. ఇషాన్ కిషన్ 47 బంతుల్లో 106, నాటౌట్! 11 ఫోర్లు, 6 సిక్సులు. మా లెక్కన 145 పాయింట్లు. భోజనాల తర్వాత ఏదో చూద్దామని కూర్చున్నదాన్ని, అంట్లు అలాగే వదిలేసి ఆఖరిదాకా చూశాను. ఎడమచేత్తో ఆ బుల్లి మనిషి బంతిని అలా ఎత్తెత్తి కొడుతుంటే నాకు కళ్ళు చెదిరిపోయాయి.

అతని కథ కూడా నా మనసుకి పట్టేసింది. 2022లో ముంబై వాళ్ళు 15 కోట్ల 25 లక్షలు పెట్టి కొన్నారు. 2024 ఫిబ్రవరిలో క్రికెట్ బోర్డు కాంట్రాక్టుల జాబితాలో అతని పేరు లేకుండా పోయింది. ఆ ఏడాది చివర్న ముంబై కూడా అయిదుగుర్ని అట్టిపెట్టుకుని ఇతన్ని వదిలేసింది. అలా ఏ జట్టూ లేకుండా నవంబరులో జెడ్డా వేలానికి వచ్చి నిలబడితే, సన్‌రైజర్స్ 11 కోట్ల 25 లక్షలకి తీసుకుంది. తీసుకున్న మొదటి మ్యాచ్‌లోనే సెంచరీ, అదీ ఐపీఎల్‌లో అతనికి మొదటి సెంచరీ. అందరూ పక్కనపెట్టిన పిల్లాడు తిరిగి నిలబడ్డాడంటే, ఆ మార్చిలో నాలాంటి తల్లికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. నేను ఆటగాణ్ణి చూడలేదు, నాకు కావాల్సింది చూసుకున్నాను.

పాటలో మరిది 20 దాకా వచ్చాడు. తోడికోడలు 25 అంది. నేను 31 అన్నాను. హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. ఫోన్‌లోంచి మావాడు "అమ్మా, ఇంకా పదిమందిని కొనాలి, 69 కాయలే ఉన్నాయి" అన్నాడు. "ఉండనీరా" అన్నాను.

మా మేనకోడలు మాత్రం కిషన్ పేరొచ్చినప్పుడు నోరు విప్పలేదు. తర్వాత సాయి సుదర్శన్ పేరొస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అంత మోత మోగించే పేరు కాదు కదా! ఆ పిల్ల 12 కాయలకి పట్టుకుపోయింది. "అదేంటే, కిషన్‌ని వదిలేశావ్?" అంటే, "అత్తా, మీరు నిన్నటి మ్యాచ్ చూశారు, నేను అయిదేళ్ళు చూశాను" అని ఒక కాగితం చూపించింది. కిషన్ ఐపీఎల్ పరుగులు అందులో వరసగా రాసుంది. 2020లో 516, ఆ ఏడాది సిక్సులు 30, లీగు మొత్తానికి అతనివే ఎక్కువ. 2021లో 241. 2022లో 418. 2023లో 454. 2024లో 320. పక్కనే సుదర్శన్‌వి, 2024లో 12 మ్యాచ్‌ల్లోనే 527. నేను ఆ కాగితం చూసి, "నీ మొహం, నిన్నటి సెంచరీ ఇందులో లేదుగా" అన్నాను.

నాలుగు రోజులకే తెలిసొచ్చింది. మార్చి 27న లక్నో మీద మొదటి బంతికే ఔట్. నా పుస్తకంలో కిషన్ ఖాతా మైనస్ 2తో తెరుచుకుంది. తర్వాత ఢిల్లీ మీద 2. కోల్‌కతా మీద 2. గుజరాత్ మీద 17. పంజాబ్ మీద అభిషేక్ శర్మ 141 కొట్టిన రోజున ఇతనివి 9, నాటౌట్. ముంబై మీద 2. ఏప్రిల్ 23న మళ్ళీ ముంబై మీద, ఉప్పల్‌లోనే, 1. ఆ రోజు విచిత్రం, బంతి బ్యాటుకి తగల్లేదు, అయినా తనే ఔటనుకుని నడిచి వెళ్ళిపోయాడు. తర్వాత టీవీలో చూపిస్తే బ్యాటుకి తగిలిన జాడే లేదు. మావారు అది చూసి, "నమ్మకం పోయినవాడు అలాగే వెళ్ళిపోతాడు, ఎవరూ పొమ్మనక్కర్లేదు" అన్నారు. అని, కాసేపు అలా టీవీ వైపే చూస్తూ ఉండిపోయారు.

పాలవాడి లెక్కల పుస్తకంలో వెనక పేజీల్లో నేను కూడిక వేశాను. ఏడు ఇన్నింగ్స్, 33 పరుగులు. 31 కాయలు పెట్టాను, అంటే కాయకి ఒక పరుగు చిల్లర! కాయ పీచుకి కూడా అంతకంటే ఎక్కువ వస్తుంది.

మా లీగులో ఒక్కసారి ఆటగాణ్ణి మార్చుకోవచ్చు. గడువు ఏప్రిల్ 24 రాత్రి. అందరూ వదిలేయమన్నారు. నేను మావాడికి ఫోన్ చేశాను. సలహాకే చేశాను, నిజం. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మా, నీకు జరిగిందే నాకూ జరిగింది" అన్నాడు.

"అంటే?"

"నాకూ మొదటి రోజే సెంచరీ వచ్చింది కదా. 49 పెడితే 6,500. ఆ ఒక్కరోజు చూసి నాకు ఆట వచ్చేసిందనుకున్నా. ఆ తర్వాత అన్నీ సున్నాలూ రెండ్లే. పోయినవి రాబట్టుకోవాలని ఇంకా ఇంకా పెట్టా. ఆ మొదటి రోజు రాకపోయుంటే రెండో వారమే మానేసేవాణ్ణి."

సంక్రాంతి నుంచి వాణ్ణి ఎన్ని విధాల అడిగానో! ఎందుకు చేశావురా, ఏం తక్కువ చేశాంరా అని. ఎప్పుడూ నేల చూపులే. ఇప్పుడు కిషన్ వంకన నోరు విప్పాడు. నేను ఫోన్ పట్టుకుని వంటింటి గట్టు మీద అలాగే కూర్చుండిపోయాను.

కాసేపటికి తేరుకుని, "అయితే వీణ్ణి వదిలేయమంటావా?" అన్నాను.

"ఇచ్చిన 31 కాయలు తిరిగి రావమ్మా, వదిలినా ఉంచినా. వాటిని మర్చిపోయి లెక్క వెయ్యి. ఇక మిగిలిన మ్యాచ్‌ల్లో వీడు కొడతాడా, బయట మిగిలినవాళ్ళు కొడతారా, అంతే."

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం, వాడు అక్కడ, నేనిక్కడ. సన్‌రైజర్స్‌లో మూడో నంబరు స్థానం ఇతనిదే, తీసేసే సూచనలేం లేవు. హెడ్, అభిషేక్ తర్వాత దిగుతాడు. వాళ్ళు త్వరగా పోతే కొత్త బంతికి దొరికిపోతున్నాడు, వాళ్ళు నిలబడితే ఇతనికి బంతులే మిగలట్లేదు. ఎంత బలంగా కొట్టేవాడికైనా ముందువాళ్ళు ఏం చేశారన్నది ముఖ్యమేనన్నమాట. ఆ మాటకొస్తే మా అమలాపురం అబ్బాయి సాత్విక్ సాయిరాజ్‌ని చూడండి. 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి 2023లో గిన్నిస్‌కెక్కాడు. అయినా మ్యాచ్‌లో నెట్ దగ్గర చిరాగ్ శెట్టి ఎదుటివాళ్ళ చేత షటిల్ పైకి లేపించాలి, అప్పుడు కదా సాత్విక్ కొట్టేది!

ఆ వారంలోనే బోర్డు కాంట్రాక్టు జాబితాలో కిషన్ పేరు మళ్ళీ వచ్చిందని కూడా మావాడే చెప్పాడు. వరసగా సున్నాలు పెడుతున్నవాడి పేరు ఎలా చేర్చారంటే, వాళ్ళు ఏడు ఇన్నింగ్స్ చూడలేదు, ఇంకా వెనక్కి చూశారు. మేనకోడలి కాగితం గుర్తొచ్చి తెప్పించి కూడాను. అయిదేళ్ళకీ కలిపి 1949. ఏడాదికి ఇంచుమించు 390. సరే, ఏడాదికి 390 కొట్టేవాడు ఈసారి 139 దగ్గరే ఆగిపోతాడా? ఆగడు. అలాగని 800 కొడతాడా? అదీ కొట్టడు. బయట మిగిలినవాళ్ళలో అంతపాటి వాళ్ళు లేరు. ఉంచేశాను.

మర్నాడే చెపాక్‌లో చెన్నై మీద 44 కొట్టాడు. తర్వాత 13, 35. మే 23న లక్నోలో బెంగళూరు మీద 48 బంతుల్లో 94, నాటౌట్. ఆ రోజు మావాడు పరీక్షలయ్యి ఇంట్లోనే ఉన్నాడు. మావారు స్నానానికి వెళ్ళి, తువ్వాలు చుట్టుకుని గుమ్మంలోకొచ్చి, "ఎంత కొట్టాడ్రా?" అన్నారు.

రా! నాలుగు నెలల తర్వాత ఆయన నోట వాడితో వచ్చిన మొదటి మాట అది. మావాడు ఉలిక్కిపడి, "94 నాన్నా" అన్నాడు. ఆయన "ఊఁ" అని లోపలికి వెళ్ళిపోయారు. నేను వంటింట్లోకెళ్ళి, ఏ పనీ లేకపోయినా స్టవ్ తుడిచాను.

ఆఖరి మ్యాచ్‌లో 29తో కిషన్ మొత్తం 354 అయ్యింది. అందులో నా ఖాతాకి వచ్చినవి 12 ఇన్నింగ్స్‌లో 248. ఎనిమిది సార్లు 20 దాటలేదు. పేపర్లో ఏడాది సగటు 35 అని వేస్తారు, బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఆ 354లో 200 రెండు రోజుల్లోనే వచ్చాయి. ఆ రెండు రోజుల్లో ఒకటి నేను కొనకముందే అయిపోయింది. మా మేనకోడలి సుదర్శన్ మాత్రం చప్పుడు చేయకుండా 759 కొట్టి, ఏడాదికి అందరికంటే పైన నిలిచాడు. లీగు ఆ పిల్లే గెలిచింది. నేను నాలుగు. ఆఖరు ఎవరంటే, పెద్ద పెద్ద పేర్లన్నీ చూసి కొన్న మావారు!

జూన్‌లో అందరూ వచ్చారు. మొదటి రాత్రి భోజనాలయ్యాక ఆయన మారు మాట్లాడకుండా లుంగీ పైకి కట్టి పెరట్లో పంపు దగ్గర పీట వేసుకున్నారు. పాతికమంది తిన్న అంట్లలా ఉన్నాయి. తోడికోడలూ నేనూ అరుగు మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, అలా చూస్తున్నాం. ఆ సుఖం రాయడానికి మాటలు లేవండీ! కాసేపటికి మావాడు వెళ్ళి పక్కన కూర్చుని, తోమినవి కడగడం మొదలెట్టాడు. నీళ్ళ చప్పుడులో సగం మాటలే వినిపించాయి.

"మీ తాతయ్య ఏమనేవారో తెలుసా?" అంటున్నారు ఆయన. "రోడ్డు పక్క చెట్టు చూసి తోట పాడకురా అనేవారు. ఏడాదికి ఎనిమిది దింపులుంటాయి. ఎండాకాలం దింపుకి గెలలు నిండుగా ఉంటాయి, చలికాలం దింపుకి పలచబడతాయి. నిండు దింపు చూసి పాడినవాడు నష్టపోతాడు. పలచటి దింపు చూసి చెట్టు కొట్టేసినవాడు ఇంకా నష్టపోతాడు."

మావాడు ఏమన్నాడో వినపడలేదు. ఆయన మళ్ళీ అన్నారు, "నేను పలచటి దింపే చూశాన్రా. అదే నా తప్పు."

తోడికోడలు నా చెయ్యి పట్టుకుంది. నేను చీకట్లోకి చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. వార్త చూసి మావాడే ఫోన్ చేశాడు, "అమ్మా, చూశావా" అని. వాడు ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరు పిల్లలకి లెక్కలు చెబుతూ నెలకి మూడు వేలు వాళ్ళ నాన్నకి పంపిస్తున్నాడు. వద్దని నేనన్నాను. ఆయన మాత్రం "పంపనీ" అన్నారు. ప్రతి నెలా పాలవాడి పుస్తకంలోనే రాసుకుంటున్నారు, కిషన్ లెక్క పక్క పేజీలో.

మొన్న దసరాకి వచ్చినప్పుడు వచ్చే ఏటి పాటకి ఎవరెవర్ని కొనాలో అప్పుడే చర్చ మొదలైంది. ఈసారి అందరూ అయిదేళ్ళ కాగితాలు పట్టుకు రావాలని మేనకోడలు రూలు పెట్టింది. నేను సరేనన్నాను. కిషన్ మళ్ళీ పాటకొస్తే ఎంత దాకా వెళ్తానో కూడా రాసి మడిచి పోపుల డబ్బాలో పెట్టుకున్నాను. 14 కాయలు. అంతకు మించి ఒక్క కాయ పెట్టను.

మావాడు ఆ చీటీ చూసి, "15 పెట్టమ్మా, కాస్త పైన" అన్నాడు. ఆలోచిస్తున్నాను.